బుడే సాహెబ్ బేస్తవారం

1957వ సంవత్సరం మే నెల పద్నాలుగో తేది, మంగళవారం, ఉదయం ఏడున్నర గంటలకు నేను బుడే సాహెబ్‌ను మొదటిసారి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి ఎప్పుడో ఊరు విడిచి పోయినట్టుంది. పంచాయతీ బోర్డు ఆఫీసు రేకుల కప్పు అప్పటికే పెనంలా కాగుతోంది. ఆ రేకుల కింద గుమాస్తాగా చేరి నేను రాసిన మొట్టమొదటి ప్రకటనను ఆయన రెండుసార్లు చదివించుకొని, తల పంకించి, టముకు భుజాన తగిలించుకొని వెళ్ళి, అందులో శుక్రవారం అని ఉన్నదానిని ఊరికి బేస్తవారం అని చాటి వచ్చాడు.

బుడే సాహెబ్ విశేషమంతా ఇదే. ఆయన ఏ వార్తనైనా ఒక రోజు ముందుకు జరిపి చాటేవాడు.

మాది మార్కాపురానికీ గిద్దలూరికీ నడుమ, రైలు ఆగినట్టే ఆగి కదిలిపోయే చిన్న పట్టణం. పేరు రాయను. ఆనాటి బోర్డు సభ్యుల మనుమలు నాకు ఇప్పటికీ నమస్కారం పెడుతున్నారు. దానిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అప్పటికి కొత్త రాష్ట్రం ఏర్పడి ఏడాది నిండలేదు. దానివల్ల మా ఆఫీసుకు కలిగిన మొదటి మార్పు కాగితాల మీద ముద్ర మారడం. గుండ్లకమ్మ ఒడ్డున మా మంచినీళ్ళ బావి మీద ఉన్న ఆయిల్ ఇంజను మాత్రం పాతదే. అది తరచుగా అలిగేది. అలుక తీర్చడానికి నంద్యాల నుంచి మిస్త్రీ, సాధారణంగా శుక్రవారం నాడు, వచ్చేవాడు. మిస్త్రీ వచ్చాడంటే రెండు మూడు రోజులు వీధి కొళాయిలు బందు. ఆ సంగతి ప్రజలకు తెలియజేయడంలో నా కలానిది సగం పని, బుడే సాహెబ్ గొంతుది సగం. “ఇందుమూలంగా పురప్రజలకు తెలియజేయడమేమనగా” అని మొదలుపెట్టి ఎన్ని ప్రకటనలు రాశానో నాకే తెలియదు. చివరికి నిద్రలో కూడా ఆ వాక్యమే పలవరిస్తున్నానని మా ఇంటావిడ హైమావతి చెప్పింది. ఆ విసుగుతోనే, తేదీ చోటు ఖాళీగా విడిచి ఒకేసారి ఒక కట్ట ప్రతులు రాసి పెట్టుకున్నాను.

“సాయిబూ, నేను రాసింది శుక్రవారం. నువ్వు చాటింది బేస్తవారం. ఏమిటిది?” అని ఆ మొదటి రోజే అడిగాను.

“అట్ల చెప్పినానా సామీ? తోబా, తోబా! మతిమరుపు సామీ. వయసు గదా.”

ఆయనకు అప్పటికి నలభై అయిదు దాటలేదు. ఊళ్ళో ఏ బర్రె ఏ బర్రెకు పుట్టిందో, అది ఎవరి దొడ్డి నుంచి ఎవరి దొడ్డికి వచ్చిందో తడుముకోకుండా చెప్పగల మనిషి. అంతటి జ్ఞాపకశక్తిలో వారాల వరుసకే చోటు దొరకకపోవడం నాకు వింతగా తోచింది. కాని ఆ ఎండలో వింతల గురించి ఎక్కువసేపు ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఒకసారి పశువులకు టీకాలు వేస్తారని చాటించాం. డాక్టరు వచ్చేది బుధవారం. మంగళవారం తెల్లవారేసరికి ఊళ్ళోని బర్రెలన్నీ ఆఫీసు ముందు నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి కిటికీలో నుంచి మెడ చాచి, నేను అంత శ్రమపడి రాసి పెట్టుకున్న ప్రకటనల కట్టను నెమ్మదిగా నమిలి మింగింది. మరొకసారి ఒక పెద్ద అధికారి వస్తున్నారంటే, ఊరివాళ్ళు ముందు రోజే మామిడాకులు కట్టారు. పాపం, ఆ అధికారి మరుసటి రోజు గలగలలాడే ఎండుటాకుల కింద నడిచి వచ్చి, “మీ ఊళ్ళో వానలు లేవా?” అని ఎంతో జాలిగా అడిగారు.

కూతురు షహనాజ్ నిఖాకు కూడా ఆయన ఇదే పని చేశాడు. స్వయంగా మా ఇంటికి వచ్చి ఆదివారం రమ్మని పిలిచాడు. చలువ బట్టలు కట్టుకొని వెళితే అక్కడ పెళ్ళికొడుకూ లేడు, కాజీ లేడు. వాకిట్లో నాలుగు గుంజలు, ఒక చుట్ట తాడు ఉన్నాయి.

“నిఖా రేపు సామీ,” అన్నాడు బుడే సాహెబ్, గుంజ పాతుతూ. “ఇయ్యాల పందిరి. వచ్చినారు గదా, ఈ కొస కొంచెం పట్టుకోండి.”

పట్టుకున్నాను. మరేం చేస్తాను?

ఊరివాళ్ళకు ఆయన సంగతి తెలియక కాదు. బర్రెల విషయంలో రెండోసారి ఎవరూ మోసపోలేదు. నీళ్ళ విషయంలో మాత్రం తెలిసి తెలిసి మోసపోయేవారు. ఊరి పల్లంలో ఉన్న లోవీధిలో కిరాణా దుకాణం కృష్ణయ్య గారి భార్య తులసమ్మ ఉండేది. టముకు చప్పుడు వినపడగానే ఆమె చేటతో సహా వీధిలోకి వచ్చేది.

“ఏం సాయిబూ, బేస్తవారమంటే బేస్తవారమేనా?”

“బేస్తవారమే తల్లీ.”

“పోయినసారి గూడ అట్లనే అంటివి. బేస్తవారమంతా కొళాయి కారతానే ఉండె.”

“పోయినసారి మరిచినా తల్లీ. ఈసారి గట్టిగా గుర్తు పెట్టుకున్నా.”

“నీ గుర్తు మండ!” అని ఆమె లోపలికి తిరిగి కోడలిని కేకేసేది: “ఏమే, కాగులన్నీ కడుగు! గంగాళం దించు! ఈ సాయిబు అబద్ధమే చెప్తా ఉండాడు, అయినా నింపు!”

ఆ విధంగా ప్రతిసారీ లోవీధులన్నీ బుధవారమే కాగులు, గంగాళాలు, గాబులు, చెంబులతో సహా నింపుకొనేవి. బేస్తవారం నాడు కొళాయి యథాప్రకారం వస్తూ ఉంటే, ఇంట్లో ఖాళీ గిన్నె ఒక్కటీ లేక, బుడే సాహెబ్‌ను తిడుతూ కొళాయి కట్టేసేవి.

1961 వేసవిలో ఉమామహేశ్వర్లు గారు మా బోర్డుకు ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా వచ్చారు. గుంటూరు వైపు మనిషి. చేతి గడియారాన్ని రోజూ రేడియోతో సరిచూసుకొనే అలవాటు ఆయనది. ఆయన వచ్చిన నెలలోనే ఇంజను అలిగింది, బుడే సాహెబ్ మరిచాడు, తులసమ్మ ఆఫీసుకు వచ్చింది.

“దొరా, ఊరగాయ జాడీ గూడ కడిగి నీళ్ళు పోసినా. తీరా చూస్తే బేస్తవారం కొళాయి దూకతా ఉంది! ఈయన టముకు కొడతా ఉండాడా, మా నెత్తిన కొడతా ఉండాడా?”

ఉమామహేశ్వర్లు గారు బుడే సాహెబ్‌ను పిలిపించారు. “చూడండి సాహెబ్‌గారూ, బోర్డు మాట మీద జనానికి నమ్మకం ఉండాలి. ఇంకొక్కసారి తేదీ తప్పితే, ఆ టముకు ఇక్కడ పెట్టి మీరు ఇంటికి వెళ్ళిపోవలసి వస్తుంది.”

బుడే సాహెబ్ టముకును చంటిబిడ్డను అదుముకున్నట్టు అదుముకొని, “చిత్తం దొరా,” అన్నాడు.

ఎక్కువ రోజులు గడవలేదు. ఇంజను మళ్ళీ మూలపడింది. ఈసారి శుక్రవారం నుంచి మూడు రోజులు నీళ్ళు బందు. మంగళవారం ఉదయం నేను ప్రకటన రాసి ఇవ్వగానే ఆఫీసరుగారు టోపీ పెట్టుకొని లేచారు.

“మనం కూడా వెంట వెళదాం గుమాస్తాగారూ.”

లోవీధి మొదట్లో బుడే సాహెబ్ టముకు కొట్టాడు. “ఇందుమూలంగా పురప్రజలకు తెలియజేయడమేమనగా! ఇంజను మరమ్మతు! బేస్త…”

ఆఫీసరుగారు దగ్గారు.

“శుక్రవారం,” అన్నాడు బుడే సాహెబ్. ఆ గొంతు పక్కింటికి కూడా వినిపించలేదు.

“గట్టిగా.”

“శుక్రవారం నుంచి మూడు దినాలు నీళ్ళు బందో…హో!”

తులసమ్మ చేట కిందికి దించింది. “అబ్బో! దొరగారు పక్కనుంటే శుక్రవారం ఎంత బాగా గుర్తొచ్చె! ఏమే, ఈరోజు రేపు నీ పని చూసుకో. బేస్తవారం నింపుకుందాం.”

ప్రతి వీధిలోనూ ఇదే దగ్గు, ఇదే శుక్రవారం. ఆఫీసరుగారి ముఖం వికసిస్తూ వచ్చింది. బుడే సాహెబ్ ముఖం వాడిపోతూ వచ్చింది. చివరికి మిట్టవీధి మిగిలింది. ఊరి చివర ఎత్తు మీద, పలకల గనుల్లో పనిచేసేవాళ్ళు కాపురముండే వీధి అది. ఒక్కటే కొళాయి.

“మిట్ట మీదికి మీరెందుకు దొరా? ఎండ.”

“ఫరవాలేదు, వస్తాను.”

పైకి ఎక్కేసరికి ముగ్గురికీ ఆయాసం వచ్చింది. కొళాయి నుంచి దారపు పోగులాగా నీళ్ళు కారుతున్నాయి. లక్ష్మీదేవమ్మ అనే ఆవిడ దాని కింద బిందె పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమె కూర్చున్న తీరు చూస్తే ఆ బిందె ఇప్పట్లో నిండుతుందన్న ఆశ ఉన్నట్టు లేదు. బుడే సాహెబ్ టముకు కొట్టకుండా నిలబడిపోయాడు.

“ఏందన్నా, ఉలకవు పలకవు? మాకు శుక్రవారమేనా?”

“శుక్రవారమే చెల్లీ.”

“కింద బేస్తవారం చెప్పినావు గదా?”

ఆయన నేలచూపులు చూశాడు. “కింద గూడ… శుక్రవారమే చెప్పినా.”

“అయ్యో, అయ్యో! ఏం పుట్టెన్నా నీకు?” లక్ష్మీదేవమ్మ బిందె వదిలేసి లేచింది. “బేస్తవారం నాడు ఆయమ్మలంతా కొళాయిల కాడ చేరితే మా మిట్టకు చుక్క ఎక్కుతాదా? మళ్ళ ఆ వాగులో చెలమలు తోడుకునేదేనా? మా అత్త నడవలేక నడవలేక నడుస్తాది, ఇంట్లో చూస్తే బాలింత! ఇన్నేండ్లు చక్కగా మరిచిపోతా ఉంటివి, ఇయ్యాల యాడ గుర్తొచ్చె నీకు? ఈ టోపీ ఆయనెవురు?”

“ఆయనే… కొత్త దొర.”

లక్ష్మీదేవమ్మ కొంగు సవరించుకొని, గొంతు మార్చింది. “దొరా, ఈయన్ని ఏమనబాకండి. వట్టి మతిమరుపు మనిషి.”

ఉమామహేశ్వర్లు గారు కొళాయి వంక చూశారు. మిట్ట కంటే కొద్దిగా మాత్రమే ఎత్తున్న నీళ్ళ ట్యాంకు వంక చూశారు. లెక్కల్లో పట్టా పుచ్చుకున్న మనిషి. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. లోవీధుల కొళాయిలు మూసి ఉంటేనే నీళ్ళు మిట్ట ఎక్కుతాయి. బందు వార్త తెలిసిన ఊరు, బందుకు ముందు రోజు కొళాయి మూయదు. లోవీధులు ఒక రోజు ముందే నింపుకొని కడుపు నిండి కూర్చుంటే, అసలు చివరి రోజు మిట్టవీధికి మిగులుతుంది.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగారు.

“మొదటిసారి నిజంగానే మరిచినా దొరా. అల్లా మీద ఆన. ఆ బేస్తవారం ఈ పక్కకు వస్తే, ఈ కొళాయి ధార కట్టి దూకతా ఉండె. పిల్లోళ్ళు దాని కింద గంతులేస్తా ఉండారు. అది చూసినంక మళ్ళ గుర్తు రాలే.”

“మరి నా కట్ట మింగిన బర్రె?” అన్నాను నేను.

“నీళ్ళకొక్కటే మరిస్తే దొరికిపోతా గదా సామీ? అన్నిటికీ మరవాల్సి వచ్చె. ఇంట్లో నా పెండ్లాం బాషాబీకి గూడ బేస్తవారమే చెప్తా. దానికి నిజం తెలిస్తే లోవీధికంతా టముకుతో పని లేదు.” ఆయన రాతి మీద చతికిలపడ్డాడు. “అన్నీ గుర్తు పెట్టుకొని మరవడం శానా కష్టం సామీ. అలిసిపోయినా.”

నీళ్ళను వీధుల వారీగా వంతులు వేసుకోవాలన్న తీర్మానం మా బోర్డులో అంతకుముందే ఏకగ్రీవంగా నెగ్గి ఉంది. నెగ్గిన సాయంత్రమే, దానిని నెగ్గించినవారి వీధుల్లో కొళాయిలన్నీ వంతు లేకుండానే తిరిగాయి. ఆ సంగతి ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన చేతి గడియారాన్ని ఒకసారి చూసుకొని, చొక్కా చేతి కిందికి తోసేశారు.

“పదండి, కిందికి.”

లోవీధి నడుమ నిలబడి ఉమామహేశ్వర్లు గారు తామే గొంతెత్తారు. “తేదీ విషయంలో పొరపాటు నాది. శుక్రవారం కాదు, గురువారం…”

వెనుక నుంచి దగ్గు వినిపించింది. ఈసారి దగ్గింది బుడే సాహెబ్.

“బేస్తవారం అనండి దొరా. వీళ్ళకు అదే అలవాటు.”

“బేస్తవారం నుంచి నీళ్ళు బందు!” అన్నారు ఆఫీసరుగారు, చెవులు ఎర్రబడగా.

తులసమ్మ నోటి మీద చేయి వేసుకుంది. “అయ్యో రామ! సాయిబు జబ్బు దొరకు గూడ అంటుకునె! ఏమే, కాగులు దించు!”

ఆ బేస్తవారం సాయంత్రం మిట్టవీధి కొళాయి ధార కట్టి దూకుతుంటే మేం ముగ్గురం వెళ్ళి చూశాం. లక్ష్మీదేవమ్మ మాకు తలా ఒక చెంబు నీళ్ళు ఇచ్చింది. మరుసటి రోజు ఆఫీసరుగారు నాతో, “ప్రకటనలో తేదీ మీరు సరిగ్గానే రాయండి. తక్కినది ఆయన మరిచిపోతారు,” అన్నారు.

ఆఫీసరుగారే పట్టుపట్టి 1964లో మిట్టవీధికి వేరే గొట్టం వేయించారు. ఆ తరువాత వచ్చిన మొదటి మరమ్మతుకు బుడే సాహెబ్, ఎవరూ దగ్గకుండానే, శుక్రవారాన్ని శుక్రవారమని చాటాడు. మధ్యాహ్నానికి తులసమ్మ పరుగున మా ఆఫీసుకు వచ్చింది. “సామీ, సాయిబుకు ఒంట్లో ఎట్లుందో కనుక్కోండి. శుక్రవారమంటా ఉండాడు!” అప్పటికే బాషాబీ ఆయన్ను కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయింది. లోవీధులు ఎందుకైనా మంచిదని బుధవారమే కాగులు నింపుకొన్నాయి.

ఉమామహేశ్వర్లు గారు 1965లో కనిగిరికి బదిలీ అయ్యారు. నేను 1968లో పని విరమించాను. 1970లో మా తాలూకా కర్నూలు జిల్లా నుంచి కొత్త జిల్లాకు మారినప్పుడు ఆ వార్త చాటింది బుడే సాహెబే. తరువాత బోర్డు మైకు కొన్నది. టముకు ఆఫీసు బీరువా మీద ఉంది. ఇంజను మారింది. తులసమ్మ కాగులు ఇప్పుడు ఆ కోడలి కోడలు దించుతోంది. బుడే సాహెబ్ షహనాజ్ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నాడు. మొన్న వచ్చి మనుమరాలి నిఖాకు పిలిచాడు. కార్డులో సోమవారం అని అచ్చు వేశారు. ఆయన నోటితో చెప్పింది ఆదివారం.

ఆదివారమే వెళుతున్నాను. పందిరి వేయాలి కదా.