బంతి రాని వైపు

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో కుర్చీలు సర్దుతున్నాం. పాస్టరుగారి భార్య నన్ను పక్కకి తీసుకెళ్ళి, అన్నయ్యగారు ఆ తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారని చెప్పింది. మడిచిన కుర్చీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గుండె బలహీనంగా ఉందని తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు సిద్ధంగా ఉంటుందా?

ఆయన నాకు తోడబుట్టిన అన్న కాదు. డెబ్బైల చివర్లో నేను పెళ్ళై అమెరికాలోని ఇర్వింగ్ ఊరికి వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ గోడకి అవతలి ఇల్లు వాళ్ళది. వాళ్ళది కాకినాడ వైపు, మాది బాపట్ల. మొదటి రోజే "చెల్లెమ్మా" అన్నారు, ఇక ఆ వరస మారలేదు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మా ఆయన నేర్పితే నేను కారు దిగి నడిచి ఇంటికొచ్చేదాన్ని, ఆయన అరుపులు అలాంటివి. అన్నయ్యగారు పక్క సీట్లో కూర్చుని, బుగ్గన లవంగం పెట్టుకుని, నేను చెత్తడబ్బాని గుద్దినా "పర్లేదు, అది మళ్ళీ లేస్తుంది" అనేవారు.

ఆయన స్టాటిస్టిక్స్ చదివి, ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అది) ఆఫీసులో ఆటగాళ్ళకి మార్కులు వేసే ఉద్యోగం చేసేవారు. ఆట ఫిల్ములు చూసి ఎవరెలా ఆడారో లెక్కగట్టి కంప్యూటర్‌కి ఎక్కించాలి. ఎవరిని ఉంచుకోవాలో, ఎవరికి కాంట్రాక్ట్ పొడిగించాలో కోచ్ అవి చూసే నిర్ణయించేవాడు. ఇంట్లో ఊరికే కూర్చుని నేను అందరి మీదా విసుక్కోవడం చూసి, ఆ ఆఫీసులోనే ఫిల్ము కత్తిరించి అతికించే పని నాకు ఇప్పించారు. మా ఆయన ఇప్పటికీ అది తనకి చేసిన మేలే అంటారు.

ప్రొజెక్టర్ స్విచ్ వేసే ముందు ఆయన తల వంచి క్షణం సేపు ప్రార్థన చేసుకునేవారు. ఆటకి కూడా ప్రార్థనా అని ఒకసారి ఆటపట్టించాను. "ఆటకి కాదమ్మా. ఒకడి అన్నం గురించి రాయబోతున్నాను కదా" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రార్థన చూసి నవ్వలేదు నేను.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది టైట్ ఎండ్‌ల సంగతి వచ్చింది. టైట్ ఎండ్ అంటే లైను చివర నిలబడేవాడు. ఒకసారి ముందుకు పరిగెత్తి బంతి పట్టుకోవాలి, ఇంకోసారి తనవాడు బంతితో పరిగెత్తడానికి దారి దొరికేలా ఎదుటివాళ్ళని అడ్డుకోవాలి. మా జట్టులో ముగ్గురున్నారు, తర్వాతి సీజన్‌కి ఇద్దరికే చోటు. కుర్రాళ్ళిద్దరూ బంతులు బాగా పట్టేవాళ్ళు. మూడోవాడు పెద్దవాడు, మోకాళ్ళు అరిగినవాడు. అతనికి కాంట్రాక్ట్ ఇవ్వకుండా పంపించేద్దామని అన్నయ్యగారు కూడా రిపోర్ట్ ఇచ్చేశారు.

ఇచ్చాక ఆయనకి నిద్ర పట్టలేదట. మర్నాడు వచ్చి, ఆ పెద్దవాడి రీల్ ఇంత చిన్నదేంటమ్మా, అన్ని గేముల్లోనూ ఆడాడు కదా, మిగతాదంతా ఏమైందని అడిగారు. మా పద్ధతి చెప్పాను. ఫిల్ము ఒక్క కాపీయే ఉంటుంది. గేములో బంతి కదిలి ఆగే ప్రతి ఆటనీ విడిగా కత్తిరించి, అందులో బంతి ఎవరి చేతికి వెళ్ళిందో వాళ్ళ రీల్‌కి అతికిస్తాం. మొదటినుంచీ ఆఫీసులో అందరూ అలాగే చేస్తున్నారు, నాకూ అలాగే నేర్పారు.

ఆయన కుర్చీ ప్రొజెక్టర్ దగ్గరికి లాక్కున్నారు.

"అయితే అతని రీల్ తీసెయ్. బంతి పట్టుకుని రన్ చేసేవాళ్ళవి పెట్టు" అన్నారు.

పెట్టాను. తెర మధ్యలో వేరే కుర్రాడు బంతి పట్టుకుని పరిగెడుతున్నాడు. అంచున ఈ పెద్దవాడు తనకంటే లావుపాటివాణ్ణి నేలకి అదిమిపెట్టి ఉన్నాడు. కెమెరా బంతి వెంట పోయేసరికి తెరలోంచి తప్పుకుపోతున్నాడు. తర్వాతి ఆటలోనూ అంతే. సాయంత్రం దాకా చూశాం. అన్నయ్యగారు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "బంతి ఎటు పోతే కళ్ళు అటు పోతాయి, చెల్లెమ్మా. జీతాలూ అటే పోతాయి. పెళ్ళిలో వడ్డించేవాణ్ణి చూస్తాం గానీ గాడిపొయ్యి దగ్గరున్నవాణ్ణి ఎవరు చూశారు?" అన్నారు.

తను వేసిన మార్కులు తప్పని వెళ్ళి కోచ్‌కి తనే చెప్పారు. ఇచ్చిన రిపోర్ట్ వెనక్కి తీసుకుంటే ఇకమీద నీ మాట ఎవడు నమ్ముతాడని ఆ కోచ్ మండిపడ్డాడు. ఈయన వాదించలేదు. ప్రొజెక్టర్ మోసుకెళ్ళి అతని గదిలో పెట్టి, రీల్ వేసి, చూడమన్నారు. ఉద్యోగం పోతుందని నేను హడలిపోయాను, ఆయనా భయపడే ఉంటారు. అది చూశాక, పెద్దవాడికి రెండేళ్ళ కాంట్రాక్ట్ ఇమ్మని ఈయన అడిగితే ఏడాదికి ఇచ్చారు. ఏరు దాటాక బోడి మల్లయ్య అనే లోకంలో ఏడాది దొరకడమే గొప్ప అని, ఆ రోజు వదినగారి చేత పాయసం చేయించి నాకూ పంపారు. ఆ ఆటగాడికి మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. తెలిస్తే ఎదురుపడినప్పుడల్లా రుణపడ్డట్టు తల వంచుకుంటాడని ఆయన బాధ.

మొన్న భూస్థాపనకి ముందు వదినగారు శవపెట్టె పక్కన పెట్టడానికి ఫొటో వెతికారు. ఆయన ఒక్కరే ఉన్న మంచి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఎవరింటికి ఏ శుభం జరిగినా ఆయన బరువులు మోస్తూనో, పిల్లల్ని ఎత్తుకునో ఉండేవారు. మాలో తెలిసినవాళ్ళందరం ఎవరి ఆల్బమ్‌లు వాళ్ళు తెచ్చాం. ఎయిర్‌పోర్ట్‌లో దిగిన కొత్త పెళ్ళికూతురి వెనక సూట్‌కేస్ పట్టుకున్న చెయ్యి ఆయనది. బర్త్‌డే కేక్ వెనక వీపు ఆయనది.

ఉన్నవాటిలో మంచిది నాదే. నాకు లైసెన్స్ వచ్చిన రోజు మా ఆయన తీసింది. మధ్యలో నేను స్టీరింగ్ పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. అంచున కారు మీద చెయ్యి వేసి అన్నయ్యగారు, మొహం సగమే పడింది, బుగ్గలో లవంగం ఉబ్బు కనిపిస్తోంది. నేనున్న భాగం కత్తిరించేద్దామా అని అడిగాను. వద్దన్నారు వదినగారు.

అలాగే పెట్టారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఆ ఫొటో ముందు నిలబడి, ముందు నన్ను చూసి తెల్లబోయి, తర్వాత మెల్లగా కళ్ళు పక్కకి తిప్పి ఆయన్ని చూశారు.