కారుకు చీర కట్టిన రోజు

మొన్న చిక్కబళ్ళాపురంలో నేనెక్కిన బస్సు కార్ల అద్దాలు బిగించే ఒక అంగడి ముందు ఆగిపోయింది. ముందు ఏదో ట్రాక్టరు అడ్డం వచ్చింది. అంగట్లో ఒకతను కారు వెనక అద్దం చుట్టూ నల్లటి గమ్ము పూస్తున్నాడు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే కొంగును ముక్కు మీదికి లాగింది. పక్క సీటావిడ నాకు వాంతి వస్తోందేమోనని భయపడి కాళ్ళు ముడుచుకుంది. వాంతి కాదు తల్లీ, రెడ్డెమ్మక్క గుర్తొచ్చింది అంటే ఆమె ఏమనుకుంటుంది? బస్సు కదిలాక కూడా చాలా దూరం నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

రెడ్డెమ్మక్క మీకు తెలియదు. ఆమె పోయింది కాబోలు, అందుకే ఇలా రాస్తున్నాననుకోకండి. నిక్షేపంగా ఉంది. మోకాళ్ళు మొరాయిస్తే పని నా చేతిలో పెట్టి, మంచేనహళ్ళిలో చెల్లెలి ఇంట్లో ఉంటూ, ఫోనులో నన్ను కేకలేస్తూ ఉంది. దిబ్బూరహళ్ళిలో ఆమె చాకీ కేంద్రం నడిపేది. పట్టుపురుగు గుడ్డులోంచి వచ్చినప్పుడు చీమ కంటే చిన్నగా ఉంటుంది. ఆ తొలి రోజుల్లో దాన్ని బతికించడం అందరివల్లా అయ్యే పని కాదు. రైతుల తరఫున ఆ పని చేసేదే చాకీ కేంద్రం. లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేస్తూ కొన్నాళ్ళు సాకి, ట్రేలలో పెట్టి రైతు ఇంటికి చేర్చాలి. పురుగు పొర విడిచే ముందు తిండి మానేసి, తలెత్తుకుని కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. రెండో జ్వరంలో ఉండగానే పురుగు రైతు ఇల్లు చేరాలి. అది లేవగానే దాని ముందు ఆకు పడాలి. ఈ వేళ మనం చెప్పినట్టు వినదు, దాని ఇష్టం దానిది.

నేను ఆమె దగ్గర పనికి చేరిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాలేజీ అయిపోయి, వేరే ఉద్యోగం దొరికేదాకా అనుకుని వెళ్ళాను. మొదటి రోజు కదా అని తలనిండా మల్లెలు పెట్టుకుని, మొహానికి పౌడరు కొట్టుకుని, చిక్కబళ్ళాపురం పిల్లంటే ఏమిటో చూపిద్దామని దిగాను. ఆమె గుమ్మంలోనే నిలిపేసింది. పువ్వులు బాగుండాయి, ఆ రాయి మీద పెట్టి మొగం కడుక్కోని రామే అంది. లోపల పురుగు ఉన్నప్పుడు ఆ ఇంట్లో అగరుబత్తి వెలిగించరు. బీడీ తాగినవాడిని దరిదాపులకు రానీయరు. టమాటాకు మందు కొట్టి వచ్చినవాడు సొంత తమ్ముడైనా సరే, వీధిలో నిలబడి మాట్లాడి పోవాల్సిందే. బట్టలు ఉతికే సబ్బుక్కూడా వాసన ఉండకూడదు. ఇందులో నిజమెంతో భయమెంతో ఆమె ఎప్పుడూ వేరుచేసి చూడలేదు. నేనేమో నోరు ఊరుకోనిదాన్ని, ఈ పురుగులకంటే మా అత్తగారే నయంగా ఉండొచ్చని పెళ్ళి కాకముందే అనేదాన్ని. ఆమె నవ్వేది. పువ్వులు మాత్రం రాయి మీదే ఉండేవి.

ఇక అద్దం సంగతి. బాగేపల్లి దగ్గర ఒక పల్లెలో నారాయణప్ప అని మా రైతు ఉండేవాడు. అతనికి వరసగా రెండు పంటలు పోయాయి. పురుగు బాగా పెరిగి, గూడు కట్టబోయే ముందు చచ్చిపోయింది. మూడోసారి పురుగు వద్దని, జేసీబీ పిలిచి తోట పీకించేస్తానని ఫోన్ చేశాడు. ఆ మల్బరీ తోట అతనూ భార్యా కలిసి ఒక్కొక్క కడ్డీ నాటి పెంచుకున్నది. తోట పోతే ఇంటిల్లిపాదీ కూలికి పోవాలి. రెడ్డెమ్మక్క అతన్ని బతిమాలింది. ఈ ఒక్క పంట చూడు, పురుగు నేనే తెచ్చిస్తాను, ఆ తర్వాత నీ ఇష్టమంది. అతను సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆ ట్రేల దగ్గరకు వేరే ఎవరినీ పోనీయలేదు, ఆకు కూడా తనే తరిగేది.

మర్నాడు పొద్దున్నే పురుగు తీసుకెళ్ళాలనగా, జ్వరంలో ఉన్న పురుగు మీద చల్లే సున్నం పొడి కోసం ఇద్దరం చింతామణి వెళ్ళాం. ఆమెకో చిన్న కారు ఉండేది. వెనక సీటు పీకేసి ట్రేలు పెట్టడానికి స్టాండు చేయించింది. సంత వీధిలో కారు నిలిపి దిగామో లేదో, టమాటా చెట్లకు ఊతంగా నాటే నీలగిరి కట్టెలు వేసుకున్న ఒక టెంపో రివర్సు వచ్చింది. కట్టెలు వెనక బారెడు పొడుచుకుని ఉన్నాయి. మేము అరిచేలోపే అవి మా కారు వెనక అద్దంలోకి దిగిపోయాయి. అద్దం మొత్తం కల్లుప్పులా రాలి లోపలంతా పడింది. డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. నేను నడుం బిగించి అతన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. రెడ్డెమ్మక్క ముందు నా చేతులు, అతని చేతులు చూసి ఎవరికీ దెబ్బ తగల్లేదని నిమ్మళపడింది. తర్వాత నా మెడలో ఉన్న ఎర్ర చున్నీ లాగి, వెనకొచ్చేవాళ్ళకు కనబడేలా ఆ కట్టెల చివరన గట్టిగా ముడివేసి, ఇంగ పోప్పా, నిదానంగా పో అని అతన్ని పంపేసింది. కొత్త చున్నీ! నాకు అద్దం పగిలిన దుఃఖం ఎగిరిపోయి చున్నీ దుఃఖం పట్టుకుంది.

ఆ కారుకు సరిపడే అద్దం చింతామణిలో లేదు. నేనే నాలుగు చోట్లకు ఫోన్లు చేసి చిక్కబళ్ళాపురంలో ఉందని కనిపెట్టాను. వెనక గాలి రయ్యిమని కొడుతుంటే అక్కడికి చేరాం. అంగడివాడు ఉన్న ముక్కలన్నీ ఊడదీసి, అంచు తుడిచి, కొత్త అద్దం బల్ల మీద పెట్టాడు. పొద్దు వాలేలోపు ఇల్లు చేరతాం, రేపటి పనికి అడ్డమేమీ లేదని నేను సంబరపడిపోయాను. అతను గమ్ము ట్యూబు మూతి కత్తిరించాడు. వాసన గుప్పుమంది. ఎన్నాళ్ళకు పోతుందప్పా ఈ వాసన అని రెడ్డెమ్మక్క అడిగింది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, అద్దాలు దించుకుని పొండి, ఏం కాదని అతను కన్నడంలో చెప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపేసింది.

నాకు తిక్క రేగింది. అంత దూరం వచ్చి, అద్దం ఎదురుగా పెట్టుకుని, వద్దనడమేమిటి?

"గమ్ము వాసనకు పురుగు చస్తాదని నీకెవురు చెప్పినారక్కా?" అన్నాను.

"ఎవురూ చెప్పలేదు. నాకు తెలీదు."

"తెలీకుండానే ఎట్ల వద్దంటాండావు?"

"తెలీదు గాబట్టే వద్దంటాండాను మే. ఏమైతాదో చూస్తాంలే అని మనం అనొచ్చు. చూసేదానికి తోట నారాయణప్పది కదా."

అంగడివాడు విసుక్కుంటూ అద్దం లోపల పెట్టి, నాలుగు రోజుల తర్వాత వస్తే బిగిస్తానన్నాడు. పాపం, ఖాళీగా పంపడం ఎందుకని వెనక కప్పుకోవడానికి ఒక కొత్త ప్లాస్టిక్ పట్ట ఇచ్చాడు. ఆమె దాన్ని వాసన చూసి తిరిగి ఇచ్చేసింది. నేను తలపట్టుకున్నాను.

వేరే బండి మాట్లాడదామని దారి పొడుగునా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. మావైపు ఖాళీ బండి దొరక్కపోవడం ఉండదు, వాసన లేని బండే దొరకదు. టమాటా మోసే బండ్లలో మందు వాసన. టాక్సీవాడి కారులో సెంటు సీసా. ఇంకొకాయన బండిలో ఎరువు బస్తాలు మోసిన కంపు. మరొకాయన అప్పుడే బండికి పూజ చేయించి లోపలంతా సాంబ్రాణి పట్టించాడు. పురుగేమో జ్వరంలోకి వెళ్ళిపోయింది, ఇక ఆగదు. రెడ్డెమ్మక్క ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళి రాగిపిండి గట్టిగా కలుపుకొచ్చింది. తిండి ధ్యాస ఇప్పుడేమిటని నేననుకుంటున్నాను. ఆమె ఆ ముద్దను కారు లోపల నేల మీద, స్టాండు సందుల్లో, డోర్ల అంచుల్లో అద్దుతూ పోయింది. చీపురుకు చిక్కని అద్దం నలుసులన్నీ ముద్దకు అంటుకుని వచ్చేశాయి. నేనూ ఒక ముద్ద తీసుకుని కూర్చున్నాను. వేలితో తడిమి చూస్తే ఎక్కడా గరగర లేదనే దాకా ఆమె లేవనీయలేదు. తర్వాత పెట్టెలోంచి సబ్బు పెట్టకుండా ఒట్టి నీళ్ళలో ఉతికిన తన పాత నేతచీర తీసి, రెండు మడతలు వేసి, అద్దం ఉండాల్సిన చోట తాడుతో బిగించి కట్టింది.

తెల్లవారుజామున చల్లగా ఉండగానే బయలుదేరాం. ఆమె నడుపుతోంది. చీర ఎగిరిపోకుండా పట్టుకుని నేను ట్రేల పక్కన నేల మీద చతికిలబడ్డాను. వెనక ఏ బండి వచ్చినా ఆమె పక్కకు తీసి నిలబెట్టేది, దుమ్ము అణిగాక కదిలేది. సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. పాలు పోసి వస్తున్నవాళ్ళు ఆగి మరీ చూశారు. నా కాళ్ళు తిమ్మిరెక్కి, తోట కాదు గదా ఈ భూమ్మీద ఏ చెట్టు మీదా నాకు ప్రేమ లేకుండా పోయింది. అయినా మధ్యమధ్యలో ట్రే మీది కాగితం ఓరగా ఎత్తి చూసేదాన్ని. పురుగులు తలలెత్తుకుని అలాగే ఉన్నాయి. బతికి ఉన్నాయో లేదో చూపుకు తెలియదు.

నారాయణప్ప వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కారు చూడగానే అంత దిగుల్లోనూ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏందక్కా, కారుకు చీర కట్టించినావు?" అన్నాడు. రెడ్డెమ్మక్క నవ్వలేదు. ట్రేలు దించకముందే అతన్నీ భార్యనూ నిలబెట్టి అద్దం పగిలింది, నలుసులు పడింది, రాగిముద్దతో ఏరింది, గమ్ము వద్దన్నది, గాలిలో వచ్చింది, అంతా వరసగా చెప్పేసింది. నీకు అనుమానంగా ఉంటే పురుగు వద్దని చెప్పు, నేనేమీ అనుకోను అంది. ఇంత అవస్థ పడి తెచ్చి, వద్దని చెప్పమంటుందేమిటి ఈమె! నారాయణప్ప భార్య వైపు చూశాడు. ఆమె వెళ్ళి, పురుగులు పెంచడానికి విడిగా కట్టుకున్న పురుగుల మనె తలుపు తీసింది.

పొద్దెక్కేకొద్దీ పురుగు జ్వరం విడవడం మొదలైంది. పొర ఒలుచుకుని ఒక్కొక్కటే కదిలింది. నారాయణప్ప ఆకు తరిగి పైన చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని ట్రేలోకి వంగాడు. రెడ్డెమ్మక్క గోడకు ఆనుకుని నిలబడి కొంగు కొస నలుపుతోంది. ఆమె భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. చాలాసేపటికి అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"తింటాండాయి."

నేను వెళ్ళి చూశాను. ఆకు అంచుల మీదికి పురుగులు బిలబిలా ఎక్కుతున్నాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెడ్డెమ్మక్క వసారాలో కూలబడి, ఇంగ కాఫీ పెట్టమ్మా అని నారాయణప్ప భార్యను అడిగింది. అంత రుచైన కాఫీ నేను మళ్ళీ తాగలేదు.

ఆ పంట నిండుగా గూడు కట్టింది. తోట నిలిచింది. నారాయణప్ప ఇప్పటికీ నా దగ్గరే పురుగు తీసుకుంటాడు. అద్దం నాలుగు రోజుల తర్వాత బిగించుకున్నాం, కారు వారం రోజులు వాకిట్లో ఎండలో తలుపులు తెరుచుకుని నిలబడింది. ఆ గమ్ము నిజంగా పురుగుకు చెడ్డదేనా అని తర్వాత నేను చాలాసార్లు అడిగాను. ఎవురికి తెలుసు మే అనేది ఆమె, అదేదో పెద్ద విషయం కానట్టు. నాకు మొదట్లో ఆ జవాబు చాలేది కాదు. ఏళ్ళ తరబడి ఆ పని చేశాక, ఆమె నాకు నేర్పింది పురుగుల పెంపకం ఒక్కటే కాదని అర్థమైంది. అన్నీ తెలిసినట్టు మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇప్పుడు నోరు తెరిచేముందు, నా మాట తప్పయితే పోయేది ఎవరికి అని ఒక్క క్షణం ఆగుతాను. అలా ఆగడం ఆమె నేర్పిందే.

పోయిన నెలలో జంగమకోటె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. పురుగుల మనె తలుపులకు కొత్తగా రంగు వేయించాడట, వాసన ఇంకా కాస్త ఉందట, అనుకున్న రోజుకే పురుగు పంపమంటాడు. పర్వాలేదన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నాకు తెలీదన్నా, తెలీనప్పుడు నీ పంట మీద పరీక్ష పెట్టను, వచ్చే బ్యాచి ఇస్తానన్నాను. అతను గొణుక్కుంటూ పెట్టేశాడు. ఇక ఈయన వేరే కేంద్రానికి పోతాడులే అనుకున్నాను. సాయంత్రం మళ్ళీ అతనే చేశాడు.

"నువ్వు సరే అనింటే రాత్రంతా ఆ తలుపు దగ్గరే కూసోని వాసన చూసుకుంటా ఉండేవాణ్ణమ్మా," అన్నాడు. "ఇంగ నిద్రపోతా."