ఉత్తరపు గోడకు పట్టిన బూజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. నేను చదివిన డిగ్రీ ఏ సమస్యకైనా పనికొస్తుందనేది మొదటిది. ఇంట్లో ఏది పాడైనా తప్పు పై అంతస్తు వాళ్ళదేననేది రెండోది. పటాన్‌చెరు దగ్గర ఒక కిరాయి గదిలో, ఒకే వానాకాలంలో, ఆ రెండింటికీ కాలం చెల్లింది.

అప్పుడు నేనొక మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో ఉండేవాణ్ణి. గోలీలు నీళ్ళలో సరిగ్గా కరుగుతున్నాయో లేదో చూడటం నా పని. నాతో గదిలో ఉండేవాడు జహీరాబాద్ వైపు నుంచి వచ్చి ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాడు. అందరూ అతన్ని భాయ్ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పైన ఓనరమ్మ, ఆమె భర్త పెద్దాయన. పొలం ఫ్యాక్టరీలకు పోగా మిగిలిన జాగాలో ఇల్లు కట్టుకుని, కింది గదులు మాలాంటి వాళ్ళకు ఇచ్చారు. మా గదికి ఒక తలుపు, ఒక కిటికీ. ఆ కిటికీ మేము ఎప్పుడూ తెరిచేవాళ్ళం కాదు. సాయంత్రమైతే గాలిలో ఏదో ఘాటు వాసన వచ్చేది. (అది మా కంపెనీది కాదని నేనూ, వాళ్ళ ఫ్యాక్టరీది కాదని భాయ్ ఒట్టేసి చెప్పుకునేవాళ్ళం.)

వానలు ముదిరాక ఒకరోజు భాయ్ మంచం కింద నుంచి తన పండగ బూట్లు తీశాడు. వాటికి తెల్లటి నూగు పట్టి ఉంది. నా బెల్టు తీసి చూస్తే అది పచ్చగా ఉంది. మంచం జరిపితే ఉత్తరపు గోడ నిండా నల్లటి చుక్కలు. ఇల్లు దులిపితే పోయే బూజు కాదది, పాచిపోయిన రొట్టె మీద పుట్టే బూజు. ఇంకెవరైనా అయితే ముఖం చిట్లించేవాళ్ళు. నాకు మాత్రం చెప్పలేనంత కుతూహలం కలిగింది. భూతద్దం తెచ్చి గోడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. దూరం నుంచి మసిలా కనిపించేది దగ్గరికెళ్తే చిన్న అడవిలా ఉంది. మంచం తల దగ్గర నల్లది, మూలన పచ్చది, మధ్యలో ఎక్కడో గులాబీ రంగుది కూడా.

"జెర ఎనకకు జరుగన్నా, దానికి నీ నజర్ తగుల్తది," అన్నాడు భాయ్.

ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లీచింగ్ నీళ్ళతో తుడిచాను. పోయింది. మళ్ళీ వచ్చింది. ఇద్దరం కలిసి సున్నం వేశాం. ఆ సున్నం మీద చుక్కలు ఇంకా అందంగా కనిపించాయి. ఎన్నిసార్లు చంపినా వస్తున్నదంటే దానికి నీళ్ళు ఎక్కడి నుంచో అందుతున్నాయి. మా గోడకు సరిగ్గా పైన ఉన్నది ఓనరమ్మ బాత్రూం. నాకింకేం కావాలి?

సరిగ్గా అప్పుడే మా అమ్మ ఫోన్ చేసింది. "హత్నూర దిక్కు సంబంధం. పిల్ల తండ్రి వచ్చే ఐతారం నీ రూం జూస్తనంటుండు. రూం జూస్తే పిలగాని సంగతి తెలుస్తదంట. మంచిగ సాఫ్ చేసి పెట్టు." అమ్మాయి ఫోటో అప్పటికే చూశాను. నచ్చింది. దాంతో ఆ గోడ సంగతి చదువుకు సంబంధించినది కాస్తా బతుకుకు సంబంధించినదైపోయింది.

పైకెళ్ళి ఓనరమ్మకు విషయం చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నా బాత్రూం కారుతదా? మేస్త్రీ పక్కన నిలవడి కట్టిపిచ్చుకున్న బిడ్డా. మీరే తడిబట్టలు ఇంట్ల ఎండేసి గోడ ఖరాబ్ చేస్తున్నరు."

"బట్టలతోని గింత తడి రాదు పెద్దమ్మా. ఒక పరీక్ష చేద్దాం. బట్టలకేసే నీలిమందు మీ బాత్రూంల పోస్త. నీళ్ళు కారుతుంటే మా గోడకు నీలం దిగుతది."

"కానియ్యి. నువ్వు పోసుడేంది, నేనే పోస్త."

అన్నంత పనీ చేసింది. నీళ్ళు బయటికి పోయే జాలీకి గుడ్డ అడ్డం పెట్టి, నేల నిండా నీళ్ళు నిలబెట్టి, సీసాలో ఉన్న నీలిమందు మొత్తం పోసింది. ఆ సంగతి పెద్దాయనకు చెప్పడం మాత్రం మరిచిపోయింది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు తీసి పెట్టి, లైటు వేయకుండా లోపలికి పోయి, తీరిగ్గా స్నానం చేసి, తెల్ల ధోవతి కట్టుకుని చాయ్ హోటల్‌కు వెళ్ళిపోయాడు. నేను కింద గోడకు భూతద్దం ఆనించి నీలం కోసం ఎదురుచూస్తుంటే ఆయన తిరిగొచ్చి, పైకెళ్ళి భార్యను అడిగి, మా గుమ్మంలో నిలబడ్డాడు. చీలమండల దాకా కాళ్ళు నీలంగా మెరుస్తున్నాయి.

"హోటల్ కాడ ఒగడు షుగరా అనవట్టె, ఇంకొగడు పాము గరిసిందా అనవట్టె," అన్నాడు మెల్లగా. "నాకేమైందో నువ్వు జెప్తవట గద, మా ఆమె చెప్పింది."

గోడకు నీలం చుక్క కూడా దిగలేదు. ఓనరమ్మ మెట్లు దిగి వచ్చి గోడను చూసింది, భర్త కాళ్ళను చూసింది, నన్ను చూసింది. "ఐతారం లోపల రూం ఖాళీ చెయ్యుర్రి," అని పైకి వెళ్ళిపోయింది. పిల్ల తండ్రి వచ్చేసరికి చూపించడానికి గోడ కాదు కదా, గదే ఉండేలా లేదు.

భాయ్ సామాను సర్దుతుంటే నేను గోడనే చూస్తూ కూర్చున్నాను. భయం ఉంది, కాని అంతకంటే ఎక్కువగా ఒకటే ప్రశ్న తొలుస్తున్నది. పై నుంచి రాకపోతే ఆ తడి ఎటు నుంచి వస్తున్నట్టు? గోడలో నుంచి గదిలోకా, గదిలో నుంచి గోడ మీదికా? తెల్లటి ప్లాస్టిక్ కవరొకటి కత్తిరించి, గాలి పోకుండా నాలుగు వైపులా టేపు వేసి గోడకు అతికించాను. నీళ్ళు గోడలో ఉంటే కవరు వెనక చేరతాయి, గదిలో ఉంటే ముందు చేరతాయి.

పొద్దున లేచి చూస్తే కవరు ముందు వైపు సన్నటి నీటి బొట్లు. విప్పి చూస్తే వెనకాల పొడిగా ఉంది. నేను గది మధ్యలో నిలబడి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చుట్టూ చూశాను. రెండు తాళ్ళ నిండా తడి యూనిఫారాలు. పొగలు కక్కుతున్న అన్నం కుక్కర్. హీటర్ వేసిన నీళ్ళ బకెట్. మూసిన కిటికీ. అన్నింటికంటే చల్లగా ఉండే ఎండ తగలని గోడ, దానికి గాలి తగలకుండా ఆనించిన మంచం.

"అంటే గోడకు పట్టింది మన ఊపిరా?" అన్నాడు భాయ్.

"ఊపిరి, అన్నం, బనియన్లు, అన్నీ."

"మరి నేనిప్పుడు ఊపిరి బంద్ చెయ్యాల్నా?"

"కిటికీ తెరువు చాలు."

వాసన ఉండని పొద్దుటి పూట కిటికీ, తలుపు రెండూ తెరిచాం. మంచాన్ని గోడకు దూరంగా జరిపాం. కుక్కర్‌ను కిటికీ కిందికి మార్చాం. ఆ కవరు పట్టుకుని నేను పైకెళ్ళాను. "పెద్దమ్మా, మీ బాత్రూం తప్పేం లేదు. మీరన్నట్టు బట్టలతోనే," అన్నాను. ఆమె కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను చెప్పినదంతా విని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఆ తర్వాత, "ఇంగొక కవరున్నదా? మా బియ్యం అర్రల గూడ ముక్క వాసనొస్తది," అంది. ఖాళీ చేసే మాట ఆ పూటతో పోయింది. బట్టలు ఆరేసుకోవడానికి మిద్దె మీది రేకుల షెడ్డు కూడా మాకు దక్కింది.

ఆదివారం పిల్ల తండ్రి వచ్చాడు. గోడ ఆరింది గానీ మచ్చలు లీలగా ఉన్నాయి. వాటి మీద భాయ్ పెద్ద క్యాలెండర్ ఒకటి తగిలించాడు. ఆయన కూర్చోకుండా నేరుగా వెళ్ళి క్యాలెండర్ ఎత్తి చూశాడు.

"ఏంది తమ్మీ గిది?"

ఏదో ఒకటి చెప్పి ఊరుకోవాల్సింది. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. బూట్లు, బెల్టు, నీలిమందు, కవరు, చల్లటి గోడ, వెచ్చటి గాలి. ఆయన వెనక నుంచి భాయ్ చేతులూపుతున్నాడు. చాయ్ చల్లారి మీగడ కట్టింది. ఆయన మధ్యమధ్య "అట్లనా" అంటున్నాడు తప్ప ఇంకో మాట లేదు. జీతం అడగలేదు, డ్యూటీ అడగలేదు. చివరికి లేచి, "సరే మరి, పోయొస్త," అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

"అన్నా, సంబంధానికొచ్చిన మనిషికి బూజు పాఠం చెప్పినవ్," అన్నాడు భాయ్. "ఇగ వాళ్ళు రారు."

నేనూ అలాగే అనుకున్నాను. కొద్ది రోజులకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"మా నాయిన మీ కాడికెళ్ళి వచ్చినప్పటిసంది ఇంట్ల కిటికీలన్ని తెరిచి పెడుతుండు. వాన జల్లు లోపల పడుతున్నది. అమ్మ మొత్తుకుంటున్నది. వాన పడేటప్పుడు మూసుకోవచ్చో లేదో అడుగుమన్నడు."

"మూసుకోవచ్చు," అన్నాను.

"చెప్త," అంది. ఫోన్ పెట్టేయకుండా, "కవరు ముందట తడి ఎందుకయితదో నాకు సమజ్ కాలే. మల్లొకసారి చెప్తరా?" అంది.

చెప్పాను. ఇప్పుడు మేమిద్దరం వెలిమెలలో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. గాలీ వెలుతురూ బాగానే వస్తాయి. ఆఫీసులో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మీటింగుల్లో ఎంత మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు. అయినా వాన పట్టిన రోజున ఒక్కోసారి ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. పెళ్ళి చెడిపోతుందన్న ధ్యాస లేకుండా, కాబోయే మామ ముందు నిలబడి, మెరిసే కళ్ళతో గోడ గురించి చెప్పుకుపోతుంటాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గు కూడా వేస్తుంది. కాని ఎదుటివాళ్ళ చాయ్ చల్లారిపోయేంత సేపు చెప్పాలనిపించే సంగతి నాకు దొరికి చాలా కాలమైంది.