గోడ మీద నీటి చార

మా డ్రాయింగు మాస్టారు పోయారని మొన్న శుక్రవారం బందరు నుంచి కబురొచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక నా వెనక ఎవరు నిలబడతారు?

దేవుళ్ల బొమ్మలూ నాయకుల బొమ్మలూ తప్ప మరేదీ బొమ్మే కాదనుకునే రోజుల్లో, ఆయన కాన్వాసు మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద మట్టిరంగు పూసి గోడకు తగిలించారు. "తడిసిన గోడకి ఫ్రేమెందుకండీ మాస్టారూ?" అని ఊళ్లో పెద్దలు నవ్వారట. నిజానికి అది తడిసిన గోడే. ఉప్పెన తీశాక దివిసీమ ఇళ్లలో నీళ్లు ఎంతెత్తున నిలిచాయో చెప్పే చార. అందరూ దాని మీద సున్నం వేసేశారు. ఆయన మాత్రం ప్రతి బొమ్మనూ ఆ చారతోనే మొదలుపెట్టేవారు.

ఆ అలవాటు మాకూ అంటుకుంది. గుడివాడలో సైన్‌బోర్డులు రాసే మా తోటివాడూ, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే అమ్మాయీ, ఆయన్ని ఒక్కసారైనా చూడని ఇప్పటి కుర్రాళ్లూ సొంత బొమ్మ వేసుకునేటప్పుడు ముందు ఆ చారే గీస్తారు. తరువాత ఎవరి దారి వాళ్లది. నేను మాత్రం చార దగ్గరే ఆగిపోయేదాన్ని. పైన ఆకాశం, విరిగిన కొబ్బరిచెట్లు. కింద ఖాళీ. ఆ ఉప్పెన నీళ్లలోనే మా చెల్లి పోయింది.

బందరులో చదువుకుంటూ సాయంత్రాలు ఆయనింటికి వెళ్లేదాన్ని. ఎవరి దగ్గర రబ్బరు కనిపించినా తీసి లాల్చీ జేబులో వేసుకునేవారు. ఆ జేబు ఎప్పుడూ ఉబ్బే ఉండేది. ఒకరోజు రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పారు. మాస్టారు కిటికీ తెరిచి, దాని పక్కనే బొమ్మ గీస్తూ కూర్చున్నారు. ఆయన చేతిలో బొగ్గుముక్క వణుకుతోంది.

"భయమేస్తోందా అమ్మా?"

"వేస్తోందండీ. కిటికీ మూసేయనా?"

"ఉండనీ. నాకూ వేస్తోంది. చెయ్యి వణికితే వణకనీ, ఆ గీత మాత్రం చెరపకు."

చార కింద గీయమని నాతో ఎప్పుడూ అనలేదు. కాసేపు వెనక నిలబడి, నా కాన్వాసును స్టాండు మీద కొంచెం పైకి జరిపి వెళ్లేవారు. ఖాళీ భాగం సరిగ్గా నా కళ్లెదుటికి వచ్చేది. నేను చూపు తిప్పుకునేదాన్ని.

వచ్చే ఆదివారం ఆయన కోసం బందరులో మేమంతా తలో బొమ్మ ప్రదర్శనకు పెడుతున్నాం. వీలైతే మీరూ రండి. నిన్న పొద్దున ముసురు పట్టి ఉంది. కాన్వాసును నేనే పైకి జరుపుకున్నాను. వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. కిటికీ తెరిచి వచ్చి, చార కింద మా చెల్లి గౌను అంచు గీశాను. చెయ్యి ఎంత వణికిందంటే, ఆ అంచు నీళ్లలో ఇంకా కదులుతున్నట్టే ఉంది. చెరపలేదు.