మోకాళ్లకు అంటని మట్టి

1972 వేసవి. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక మోస్తరు ఊరు. అక్కడి హాస్పిటల్లో నేను ఎమర్జెన్సీ నర్సుని. ఏటా ఆగస్టులో ఆ ఊళ్లో క్లే కోర్టుల మీద అంతర్జాతీయ టెన్నిస్ టోర్నమెంట్ జరిగేది. ఫస్ట్ ఎయిడ్ టెంటుకి మా హాస్పిటల్ ఒక డాక్టర్ని, ఒక నర్సుని పంపాలి. అంత ఎండలో కూర్చోవడానికి మరెవరూ ముందుకు రాకపోవడంతో ఆ భాగ్యం కాకినాడ నుంచి వచ్చిన డాక్టర్ శేషగిరి గారికీ నాకూ దక్కింది.

క్లే అంటే మన ఎర్రమట్టే అనుకున్నాను. తీరా చూస్తే బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ రాతిపొడి. బంతి పడినచోట దాని మీద గుర్తు మిగులుతుంది. తగువొస్తే అంపైర్ కుర్చీ దిగొచ్చి ఆ గుర్తు చూస్తాడు. వేలెత్తితే అవుట్, అరచెయ్యి నేలకేసి చాపితే ఇన్. ఆట గురించి నాకు తెలిసింది అంతే. ఆటగాళ్ల కాళ్లు మాత్రం బాగా తెలుసు. ఆ కోర్టు మీద జారుతూ ఆడతారు కాబట్టి చెమటకి పొడి అంటుకుని పిక్కలదాకా పచ్చగా పేరుకుపోయేది. కడిగి కట్లు కట్టడం నా పని.

ఇగ్నాసియో దక్షిణ అమెరికా కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. టెన్నిస్ వృత్తిగా మారి అప్పటికి నాలుగైదేళ్లే. ఇప్పటిలా వెంట కోచ్, ఫిజియో ఎవరూ ఉండరు. ఊళ్లో ఎవరింట్లోనో దిగి, తన రాకెట్లు తనే మోసుకుని వచ్చేవాడు. సెమీఫైనల్ రోజు పొద్దున బొబ్బలకి టేప్ వేయించుకుంటూ డాక్టర్ గారితో అన్నాడు:

"ఇవాళ గెలిస్తే వచ్చే పెద్ద టోర్నమెంట్‌కి నన్ను డైరెక్ట్‌గా తీసుకుంటారు డాక్టర్. లేకపోతే ఇంటికే. నేను పడిపోతే తప్ప మీరు కోర్టులోకి రావద్దు."

అలా అనడానికి కారణముంది. అప్పటి రూలు ప్రకారం దెబ్బ తగిలితేనే ఆట ఆపాలి. నీరసమనీ, కండరాలు పట్టేశాయనీ డాక్టర్ చెయ్యి వేస్తే ఆటగాడు ఓడినట్టే లెక్క. నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు బరువెక్కుతుందని ఇంకో నమ్మకం. అందుకని ఉప్పు బిళ్లలు మింగి గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మూడో సెట్టు. మిట్టమధ్యాహ్నం. ఇగ్నాసియో కొట్టిన బంతిని అవుట్ అన్నారు. గుర్తు చూపిస్తానని బయలుదేరాడు. బంతి పడింది నెట్‌కి అవతల. అతను మాత్రం తన వైపే, వెనకగీత దగ్గర వెతుకుతున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడుముతున్నాడు. నాటకాలాడుతున్నాడని అంపైర్ హెచ్చరించాడు. జనం నవ్వారు.

అతను లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. పొడి మొత్తం రాలిపోయింది. నేను కుర్చీలోంచి లేచాను.

"డాక్టర్ గారూ, ఆ కాళ్లు చూడండి. మట్టి అంటట్లేదు. చెమట ఆగిపోయింది."

ఆయనా లేచి నిలబడ్డారు. "చూశానమ్మా. హీట్ స్ట్రోకే. కానీ ఇప్పుడు మనం చెయ్యేస్తే వాడి ఆట అయిపోయినట్టే. పొద్దున ఏమన్నాడో విన్నావుగా?"

"ఆట పోతే పోయింది, మనిషి పోతాడండీ."

హీట్ స్ట్రోక్ అంటే మామూలు ఎండదెబ్బ కాదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేక లోపలి అవయవాలు ఉడికిపోతాయి. నేను తడి తువ్వాలు తీసుకుని కోర్టు పక్కకి పరిగెత్తాను. టోర్నమెంట్ రిఫరీ, పెద్దాయన, మర్యాదగానే అడ్డం వచ్చాడు.

"మీరు ముట్టుకుంటే అతను ఓడిపోతాడు సిస్టర్. ముందు అతన్ని అడగండి."

అడిగాను. ఇగ్నాసియో నన్ను గుర్తుపట్టి నవ్వాడు కూడా. "బాగానే ఉన్నాను. వెళ్లండి" అన్నాడు.

"విన్నారుగా," అన్నాడు రిఫరీ. డాక్టర్ గారు వెనక్కి రమ్మని సైగ చేశారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మధ్యాహ్నం మొండితనం అనుకున్నది మొండితనం కాదని చెప్పినా వినేవాళ్లు లేరు.

మరో గేమ్ ఆడాడు. సర్వీస్ కోసం బంతి పైకి విసిరి, అది ఎక్కడుందో తెలియనట్టు చూస్తూ అలాగే కూలిపోయాడు.

టెంటులో జ్వరం చూస్తే నూట ఎనిమిది దాటింది. కూల్‌డ్రింకుల తొట్టెలోని ఐసంతా అతని మీద కుమ్మరించాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ప్రాణం దక్కింది. దక్కిందని సంబరపడ్డాం కూడా.

హాస్పిటల్లో స్పృహ వచ్చాక డాక్టర్ గారు ఫింగర్ టు నోస్ టెస్ట్ చేశారు. చూపుడువేలితో సొంత ముక్కు ముట్టుకోమనడమే ఆ పరీక్ష. ఒంటి సమతూకాన్ని చూసుకునే సెరిబెల్లమ్ అనే మెదడు భాగం దెబ్బతింటే వేలు గురి తప్పుతుంది. ఇగ్నాసియో వేలు వణుకుతూ వచ్చి చెవి పక్కనుంచి పోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ పోయింది. గాల్లో నిలబడిన ఆ వేలిని కాసేపు చూసుకుని, నత్తిగా, "అవుట్" అన్నాడు.

డాక్టర్ గారు కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఆ చెయ్యి పట్టుకుని మంచం మీద పెట్టాను. అతని అన్న వచ్చి వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లాడు. తర్వాత సంగతి తెలియదు.

ఆపైన రిటైరయ్యేదాకా ఆ కేసు నాతోనే ఉంది. హీట్ స్ట్రోక్ మొదట కొట్టేది మెదడునే. తనకి బాగాలేదని చెప్పాల్సింది కూడా ఆ మెదడే. కాలిపోతున్న ఇంటిని, లోపలికి రావచ్చా అని అడిగి, వద్దంటే వెనక్కి వచ్చేశాం మేము.

ఇప్పుడు ట్రాయ్ అనే ఊళ్లో మావాళ్ల పిల్లల టెన్నిస్ మ్యాచ్‌లకి వెళ్తుంటాను. ఎండ ముదిరితే ఎవరినీ ఎలా ఉన్నావని అడగను. "స్కోరెంత నాన్నా?" అంటాను. జవాబు తడబడిందా, చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకొచ్చేస్తాను. వాళ్లు ఏడుస్తారు. ఏడవనిస్తాను.