అవ్వ కన్నూ, రెండు గొట్టాలూ

మా ఎమ్మిగనూరులో ఆ రోజుల్లో వంట అయిందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఆడవాళ్ల కళ్లు చూస్తే తెలిసిపోయేది. నీళ్లు కారుతుంటే పొయ్యి ఇంకా రాజుకోలేదు, ఎర్రబడితే కూర ఉడుకుతోంది, కొంగుతో తుడుచుకుంటూ బయటికొస్తే కంచాల ముందు కూర్చోవచ్చు. మట్టి మిద్దెలు, కిటికీ లేని వంటిళ్లు, పత్తికట్టె మంట. పొగకు దారి ఒక్కటే, కప్పులో జానెడు గవాక్షి (అది వెలుతురు కోసం పెట్టింది, పొగ మొహమాటం లేకుండా వాడుకునేది). నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఉద్యోగం లేదుగానీ, పంచాయతీ సమితి ఆఫీసువాళ్లు పొగలేని పొయ్యి కట్టడం నేర్పిన ఐదు రోజుల తరగతికి పోయి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. మా వంశంలో ఫ్రేము కట్టించిన మొదటి కాగితం అదే.

దాన్ని వాడాల్సిన అవసరం అవ్వ వల్ల వచ్చింది. అవ్వ అంటే మా నాయన వాళ్లమ్మ. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలినదానికి పొర కమ్మితే ఆదోనిలో ఆపరేషను చేయించినాం. "నలభై రోజులు పొగ తగలకూడదు, తగిలితే ఆ చూపుకు నాది పూచీ కాదు" అన్నాడు డాక్టరు. అవ్వ కంటిమీద పచ్చగుడ్డ వేలాడేసుకుని ఆదోనిలోనే కూతురింట్లో, అంటే మా అత్త ఇంట్లో దిగింది. కానీ అల్లుని ఇంట్లో పది రోజులు దాటితే అవ్వ దృష్టిలో అది ఆక్రమణ. సోమవారం వచ్చేస్తానని కబురు పెట్టింది. వస్తే జొన్నరొట్టె తానే తడుతుంది. చూపుతో పని లేదు, చేతులకు తెలుసు. అమ్మ చేస్తుంది గదా అంటే, "అది సేసేది రొట్టె గాదు, అట్ట" అని ఎప్పుడో తీర్పు చెప్పింది. మా నాయన ఆపుతాడేమో అని చూస్తే, ఆయన కొట్టం వైపు చూసినాడు. ఇంట్లో ఎవరూ ఆపలేరు గనక పొగనే ఆపాలి.

శుక్రవారం ఆదోని బస్సు టాపు మీద నాలుగు సిమెంటు గొట్టాలతో మామ దిగినాడు. అవ్వకు అల్లుడు, నూనెమిల్లులో బాయిలరు దగ్గర పని. లోకంలో ప్రతిదాన్నీ బాయిలరుగానే చూసేవాడు, మా అత్తతో సహా. "ఒక గొట్టం సాలదు అల్లుడూ. పొగ పోయేదానికొకటి, గాలి వచ్చేదానికొకటి. గాలి లేంది మంట యాడ మండుతాది?" అన్నాడు. నిజమే. గాలికి పిండిలో దుమ్ము పడుతుందని అవ్వ వంటింటి తలుపు బిగించి మరీ రొట్టె తడుతుంది. నా సర్టిఫికెట్టులో ఒక గొట్టమే ఉంది, కానీ బాయిలరుతో వాదించలేక ఒప్పుకున్నాను.

ఇక్కడే మా తెలివి బయటపడింది. మట్టి మిద్దెకు కొత్త కంత పెట్టడానికి మా వైపు ఎవరూ ఒప్పుకోరు, వానకు కారుతుందని. అందుకని గొట్టాలను రెండేసి చొప్పున అతికి, ఆ రెండు వరుసలనూ ఉన్న గవాక్షిలోంచే పైకి లేపి, చుట్టూ మట్టి మెత్తినాం. మామ మిద్దెక్కి రెండిటినీ సమానం చేసి, "అన్నదమ్ముల్లెక్క ఉండాయి" అని మురిసిపోయినాడు. శనివారం తలుపు మూసి, నేనూ మామా లోపల కూర్చుని పొయ్యి ముట్టించినాం. పొగ బుద్ధిగా మొదటి గొట్టంలోంచి పైకి పోయింది. ఊరు ఒకసారి చూసి, రెండో గొట్టంలోంచి తిరిగి ఇంటికొచ్చింది.

"రాజుకునేటప్పుడు బాయిలరు కూడా ఇట్లే సేస్తాది" అన్నాడు మామ దగ్గుతూ.

"బాయిలర్లో మనుషులు కూచోరు గదా మామా" అని తలుపు తీసినాను. సంగతేందో చూద్దామని ఇద్దరం మిద్దెక్కినాం.

పక్క మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తున్న పక్కింటి ఖాలా (వాళ్ల ఉర్దూలో పిన్నమ్మ) మమ్మల్ని చూసి, "ఇందాకటి నుంచి సూస్తాండా బేటా. ఈ గొట్టం ఊదతాంది, ఆ గొట్టం తాగతాంది" అంది. ఐదు రోజుల తరగతిలో ఎవరూ చెప్పని మాట అది. మామ బాయిలరు పేరెత్తకుండా కిందికి దిగినాడు (పెళ్లైనాక మొదటిసారి అని తరువాత అత్త చెప్పింది).

గాలి గొట్టాన్ని పీకి, అందులో ఒక ముక్కను పొగ గొట్టం మీద నిలబెట్టి ఎత్తు పెంచినాం. రెండో ముక్కను వెనక గోడలో మోకాలెత్తున పెట్టాలి, కానీ ఆ గోడకు అవతల ఖాలా వాళ్ల దొడ్డి. అడిగితే, "కోళ్లు దూరకుండా జాలీ కట్టుకో. మీ పొగ మాత్రం నా దొడ్లోకి రాకూడదు" అంది.

"రాదు ఖాలా, గాలి లోపలికే పోతాది."

"అట్లయితే మా బిర్యానీ వాసన మీకు ఊరికే వస్తాది గదా" అని బేరం పెట్టబోయి, "పోనీలే, ముసలామె కన్ను" అంది.

సోమవారం అవ్వ దిగింది. కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకి పోయి తలుపు బిగించింది. మేమంతా బయట నిలబడినాం. సర్టిఫికెట్టు ఫ్రేములో నిబ్బరంగా ఉంది, నేను లేను. కాసేపటికి లోపలినుంచి గొంతు. "ఒరే, పొయ్యి ఆరిపోయినాది రా."

"మండతాండాది అవ్వా."

"మండితే నా కన్ను సెప్పదా?"

డెబ్బై ఏళ్లుగా మంటను కన్నీళ్లతో కొలిచిన మనిషి. చెయ్యి చాపి చూసుకుని ఉంటుంది, "అబ్బా" అని చిన్నగా వినబడింది. తరువాత టపటపా రొట్టె చప్పుడు. నేను మిద్దెక్కి చూస్తే పొగ నిటారుగా లేచి, పడమటి గాలికి కోడుమూరు వైపు తిరిగిపోతోంది. అంత గొప్పగా నేను అంతకుముందెప్పుడూ నిలబడలేదు (చూడటానికి కోళ్లు తప్ప ఎవరూ లేరు, అది వేరే సంగతి). నెల తిరిగేసరికి వీధిలో సగం మిద్దెల మీద మా గొట్టాలే. ఆదివారమొస్తే మామ ఆదోని నుంచి దిగి, వాటిని తనిఖీ చేస్తున్నట్టు తలెత్తుకుని తిరిగేవాడు.

నలభయ్యో రోజు డాక్టరు గుడ్డ తీసి, చూసి, బాగుందన్నాడు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు ఇచ్చినాడు. అవ్వ ఎమ్మిగనూరులో బస్సు దిగి, ఇంటిముందు ఆగి, తల పైకెత్తింది. మేమంతా మెచ్చుకోలు కోసం కాచుకుని నిలబడినాం.

"గొట్టం వంకరగా ఉండాది గదరా" అంది.

చూస్తే నిజమే, బొటనవేలంత వంకర. రెండేసి కళ్లున్న వీధి మొత్తం అన్ని రోజులుగా చూసీ కనుక్కోలేకపోయింది. మామ మాత్రం అది గాలికి కావాలనే పెట్టిన వాలు అన్నాడు. నేను మూలనున్న అరుగుమీద కూలబడి నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగినాయి. పొగ వల్ల అని చెప్పడానికి ఆ ఇంట్లో ఇక పొగ లేదు.

ఆ గొట్టాన్ని నేను సరిచేయలేదు. రోజూ పొద్దున అవ్వ బయటికొచ్చి, దాన్ని చూసి, నన్నొక తిట్టు తిట్టి, హుషారుగా లోపలికి పోయేది. ఈవారం సేస్తా, వచ్చేవారం సేస్తా అంటూ ఆమె ఉన్నన్నాళ్లూ జరిపినాను. ఇప్పుడు నాకూ కళ్లద్దాలొచ్చినాయి, మిద్దె ఎక్కాలంటే ముందు మోకాళ్లను అడగాలి. పనికిరానివాడని పేరున్న ఆ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ ఒక్క పని చేయకుండా ఉండేంత తెలివి ఎట్లా వచ్చిందో అని మాత్రం నాకింకా ఆశ్చర్యమే.