పెద్దమ్మ దండెం, మా వంటింటి గొట్టం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అంటే, ఏ పనైనా ఫోన్లో ఓ వీడియో చూస్తే వచ్చేస్తుందని నా నమ్మకం. కొత్తగా అబిడ్స్‌లో ఉద్యోగంలో చేరి, నాంపల్లిలో అన్నయ్యా వదినల దగ్గర ఉండేవాణ్ణి. పాత మేడ. కింద ఇంటి యజమానురాలు, పైన మేము. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. (ఎవరికి పెద్దమ్మో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.) మనిషి మంచిదే గానీ, మడి దగ్గర మాత్రం కన్నతల్లినైనా గడప అవతలే నిలబెట్టే రకం.

మా వంటింటి సింకు నీళ్లు ఓ ఇనుప గొట్టంలో పడి, గోడ దాటి, వెనక వాకిట్లోకి దిగేవి. గొట్టం వయసు ఇంటి వయసే. గోడ దాటగానే ఉన్న వంపు దగ్గర అతుకు తుప్పు పట్టి కారడం మొదలైంది. కారితే కారింది, సరిగ్గా దాని కిందే పెద్దమ్మ మడిబట్టల దండెం. ఆవిడ తెల్లవారుజామునే స్నానం చేసి, తడిచీరను కర్రతో ఆ దండెం మీదికి ఎత్తి, ఎవరి నీడా పడకుండా ఆరబెట్టుకునేది. దాని మీద మా పళ్లేలు కడిగిన నీళ్లు పడితే ఇక చెప్పాలా.

"మీ ఎంగిలి నీళ్లతోటి నా మడంతా ఖరాబైతుంది. శ్రావణమాసం వచ్చేలోపల పైపు బాగుజేయించుకోండ్రి. లేకుంటే పోర్షన్ ఖాళీ జేయండ్రి," అని మెట్ల కిందనుంచే తీర్పు చెప్పేసింది. దండెం కాస్త పక్కకు కట్టుకోవచ్చు కదా అని నేను నోరు జారాను. "మా అత్తమ్మ గట్టిన దండెం అది. మీ పైపే జరుపుకోరాదు?" అంది.

వదినకు అప్పుడు ఏడో నెల. ఆమె పాఠాలు చెప్పే బడి అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరం. ఆ స్థితిలో మంచాలూ బిందెలూ మోసుకుంటూ మరో ఇల్లు ఎక్కడని వెతుకుతాం? ప్లంబర్‌కు ఫోన్ చేస్తే "లక్డీకాపూల్ల ఉన్న సార్, జర ఆగుండ్రి, వస్తున్న" అనేవాడు. మర్నాడు చేసినా లక్డీకాపూల్‌లోనే ఉండేవాడు. (అక్కడే కాపురం పెట్టాడేమోనని అన్నయ్య అనుమానం.) అలా శ్రావణం రేపనగా నేను రంగంలోకి దిగాను.

"నీకెందుకయ్యా మరిదీ, ఉన్నది కూడా ఊడగొడతావు," అంది వదిన. నేను వింటేగా. రెండు ముద్దలు కలిపి పిసికి అంటించే సీలు మందు కొనుక్కొచ్చాను. వెనక వరండా పిట్టగోడ మీంచి సగం బయటికి వేలాడుతూ, అన్నయ్య నా నడుం పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కుకుంటుంటే, ఆ అతుకు చుట్టూ దాన్ని దట్టంగా పట్టించాను. గొట్టానికి గవదబిళ్లలు లేచినట్టుంది. సాయంత్రం దాకా సింకులో చుక్క నీరు పోయకూడదని షాపతను మరీ మరీ చెప్పాడు. పళ్లేలు బాత్రూంలో కడిగాం. మధ్యాహ్నం వదిన అన్నం వార్చి, గంజిని కూడా గిన్నెలోకే పట్టి గట్టు మీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే, పూజ ముగించి మడి విప్పేసి, పెద్దమ్మ తనిఖీకి వచ్చింది.

"ఏంది, అయిందా పని?"

"అయింది పెద్దమ్మా, కానీ సాయంత్రం దాకా..."

"జర చూస్త ఆగు," అంటూ గట్టు మీది గిన్నె ఎత్తి, పొగలు కక్కుతున్న గంజినంతా సింకులో కుమ్మరించింది. వెనక వైపు ఏదో మెత్తగా ఊడిపడ్డ చప్పుడు, వెంబడే ధార. అందరం వరండాలోకి పరుగెత్తాం. (వదిన నడిచే వచ్చింది.) మర్నాటి పూజకు ఆరేసుకున్న పెద్దమ్మ నూలుచీర, ఈ కొస నుంచి ఆ కొస దాకా గంజిలో తడిసి, నా సీలు ముద్దను మడతలో పెట్టుకుని వేలాడుతోంది.

అన్నయ్య మనసులో అప్పుడే సామాన్లు కట్టడం మొదలుపెట్టాడని మొహం చూస్తే తెలిసిపోతోంది. వదిన గోడ పట్టుకుని నిలబడింది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. పెద్దమ్మ చీర వంక చూసింది. తన చేతిలో ఉన్న ఖాళీ గిన్నె వంక చూసింది. మళ్లీ చీర వంక చూసింది.

"గంజి ఎంగిలెట్లయితది? అన్నం ఇంక ఎవ్వరూ తిననే లేదు," అంది, మేమేదో వాదించినట్టు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆ చీరకు ఎట్లనూ గంజి పెట్టేదుండె," అంది.

"ఔ పెద్దమ్మా," అన్నాడు అన్నయ్య. పుట్టింది తెనాలిలో అయినా ఆ ఒక్క మాటా నిఖార్సైన నాంపల్లి యాసలో వచ్చింది.

వదినకు నవ్వు ఆగలేదు. "మెల్లగ బిడ్డా, మెల్లగ," అని ఆమెను కూర్చోబెడుతూ పెద్దమ్మ కూడా నవ్వేసింది. అమ్మయ్య అనుకున్నాను. ఖాళీ చేయమన్న మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. మర్నాడు ప్లంబర్ లక్డీకాపూల్ వదిలి నిజంగానే వచ్చి, కొత్త గొట్టం వేసి పోయాడు. అన్నయ్య కూతురు ఆ ఇంట్లోనే పుట్టి, ఆ వరండాలోనే నడక నేర్చింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు కింద నుంచి కేక వినిపించేది. "ఓ పిల్లగా, గంజి వార్చిన్రా? తీస్కరా." నేను ఓ చేత్తో గిన్నె, ఇంకో చేత్తో నా ఆఫీసు చొక్కాలు పట్టుకుని దిగేవాణ్ణి. వాటికీ ఆవిడే గంజి పెట్టేది. ఇప్పుడు నా ఫ్లాట్‌లో గొట్టాలన్నీ గోడల లోపలే. సింకు కింద ఏ చప్పుడైనా నా చేయి ఫోన్ మీదికే పోతుంది గానీ, వీడియో కోసం కాదు, ప్లంబర్ కోసం. అన్నం కరెంటు కుక్కర్లో ఉడుకుతుంది, గంజి ఊసే లేదు. ఇస్త్రీ చేసినా నిలబడని చొక్కా తొడుక్కుంటున్నప్పుడు, కింద నుంచి ఎవరైనా ఓ పిల్లగా అని పిలిస్తే బాగుండుననిపిస్తుంది. ఎవరు పిలుస్తారు, మాది ఆరో అంతస్తు.